ఆరడుగుల లోపు పడితే ఏమీ కాదా? నిచ్చెన మెసేజ్‌కి నా జవాబు

దసరాకి ముందు వారం మా మూసాపేట అపార్ట్‌మెంట్ గ్రూప్‌లోకి ఒక మెసేజ్ వచ్చింది. పైన ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేశారు’ అనే రెండు బాణాల గుర్తు. బూజులు దులిపే రోజులు కదా, నలుగురికీ పనికొస్తుందని మూడో అంతస్తు పెద్దాయన పెట్టారు. రెండు రోజుల్లో అదే మెసేజ్ మా బంధువుల గ్రూప్‌లో, తర్వాత మా కంపెనీ గ్రూప్‌లో. అందులో ఉన్నది ఇదీ:

“నిచ్చెన అంటే భయమెందుకు? ఆరడుగుల లోపు పడితే దెబ్బలే తప్ప ప్రమాదం లేదు. కింద ఒకరు పట్టుకుంటే నిచ్చెన కదలదు. రబ్బరు చెప్పులు వేసుకుని స్విచ్ ఆపితే కరెంటు కొట్టదు. చిన్న పనికి స్టూలో కుర్చీయో చాలు. చెక్క నిచ్చెనకి ఏటా పెయింట్ వేస్తే పదేళ్లు ఢోకా లేదు. పనివాళ్లకి ఇదంతా అలవాటే. ఎవరైనా పడితే వెంటనే లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించండి. పది మందికి పంపండి.”

నేను బాలానగర్‌లో ఓ చిన్న ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. పద్దెనిమిదేళ్లుగా నిచ్చెనలు ఎక్కుతున్నాను, ఎక్కిస్తున్నాను. నా ఎడమ మణికట్టులో స్టీలు ప్లేటు ఉంది. ఫ్యాక్టరీలో పడితే వేసింది కాదు అది. మా ఇంటి హాల్లో, నాలుగడుగుల ఎత్తు నుంచి పడితే వేసింది. సజ్జ మీద ఇత్తడి తాంబాళం దించుదామని అల్యూమినియం మడత నిచ్చెన ఎక్కాను. దాని నాలుగు కాళ్లలో ఒకదానికి రబ్బరు తొడుగు లేదు. ఆ సంగతి నాకు తెలియదు, ఎందుకంటే చూడలేదు. పొద్దున్నే తుడిచిన టైల్స్ మీద ఆ కాలు సర్రున జారింది. తర్వాత చూస్తే టైల్ మీద జానెడు పొడవున బూడిదరంగు గీత. ఊడిన రబ్బరు ఉగాదికి సోఫా జరిపినప్పుడు దొరికింది.

కాబట్టి మొదటి మాటతోనే నాకు పేచీ. ఆరడుగుల నుంచి పడితే నేల తగలడానికి పట్టేది అర సెకను పైచిలుకు. తగిలేటప్పటి వేగం గంటకి 21 కిలోమీటర్ల పైనే. అదీ పాదాల లెక్క. పాదాలు ఐదడుగుల ఎత్తులో ఉంటే తల పదడుగుల ఎత్తులో ఉంటుంది కదా. వెనక్కి వాలిపోతే ముందు నేలకి తగిలేది ఏదో ఎవరు చెప్పగలరు? బల్ల అంచు తగిలిందా, గడప తగిలిందా అన్నదాన్ని బట్టి కూడా కథ మారిపోతుంది.

ఈ ఆరడుగుల అంకె ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకో అనుమానం. అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధనల ప్రకారం నిర్మాణ పనుల్లో 6 అడుగులు, మామూలు ఫ్యాక్టరీల్లో 4 అడుగుల ఎత్తు నుంచి, మనిషి పడకుండా యజమాని ఏర్పాటు చేయాలి. అంటే అది యజమాని బాధ్యత మొదలయ్యే అంకె. ‘దాని లోపు పడినా ఫర్వాలేదు’ అని చెప్పే అంకె కాదు. బ్రిటన్‌లో ఒకప్పుడు 2 మీటర్ల లెక్క ఉండేది, 2005లో వచ్చిన నిబంధనలు దాన్నే ఎత్తేశాయి. పడితే దెబ్బ తగిలే ఎత్తు ఎంతైనా ఎత్తేనన్నారు. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ కూడా, మనిషి పడే అవకాశమున్న ఎత్తులో పని చేయాల్సి వస్తే కంచెతోనో మరో విధంగానో రక్షణ కల్పించాలనే చెప్పింది.

ఇక కింద ఒకరు పట్టుకోవడం. పోయిన ఏడాది మా బిల్డింగ్ గోడకి రంగు వేయడానికొచ్చిన పెయింటర్‌ని నేనే అడిగాను, “కింద పట్టుకోనా అన్నా?” అని. “మీరు పట్టుకుంటె నేను మీ మీదనే పడత సార్, జర పక్కకు జరగుండ్రి” అన్నాడు. అని ఊరుకోలేదు. పైకెళ్లి ముందు నిచ్చెన తలని బాల్కనీ గ్రిల్‌కి తాడుతో రెండు చుట్లు చుట్టి ముడేశాడు. ఆ తర్వాతే బకెట్ అడిగాడు. మెసేజ్‌లో ‘అలవాటు’ అన్న మాట ఉంది చూడండి, పాతికేళ్ల అలవాటంటే ఆ ముడి. అలవాటైనవాడు జాగ్రత్త మానేస్తాడని ఆ మెసేజ్ రాసినాయన ఎలా అనుకున్నాడో! పైగా ‘వాళ్లకి అలవాటేలే’ అనేది ఎప్పుడూ కింద నిలబడ్డవాడే.

పట్టుకోవడం బొత్తిగా పనికిరాదనను. కట్టడానికి ఏ దారీ లేనప్పుడు అది చివరి ఉపాయం. కానీ నిచ్చెన జారేది, ఒరిగేది వేరే కారణాలకి. గోడకి వేసే నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి దూరంగా ఉండాలి. పన్నెండడుగుల ఎత్తున ఆనితే కాళ్లు గోడకి మూడడుగుల దూరంలో అన్నమాట. అంతకంటే దూరం జరిగితే కాళ్లు జారతాయి, మరీ దగ్గరైతే మనిషి వెనక్కి పడతాడు. కొలవడానికి టేపు అక్కర్లేదు. నిచ్చెన కాళ్లకి మీ కాలివేళ్లు ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపండి. అరచేతులు మెట్టుకి హాయిగా అందితే వాలు సరిపోయినట్టే. డాబా ఎక్కడానికైతే నిచ్చెన పిట్టగోడ కంటే ఇంకో మూడడుగులు పైకి ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు పట్టుకోవడానికేమీ ఉండదు.

పక్కకి ఒరగడం గురించి అయితే ఒకటే మాట: బొడ్డు రెండు నిలువు కర్రల మధ్యే ఉండాలి. ఇంకో మూర దూరంలో బూజు కనిపిస్తుంది, దిగి జరపడానికి బద్ధకం, చెయ్యి చాపుతాం. బొడ్డు కర్ర దాటిందా, కింద పట్టుకున్న బావమరిది ఎంత బలవంతుడైనా లాభం తక్కువ. మడత నిచ్చెనని తెరవకుండానే గోడకి ఆనించి ఎక్కడం ఇంకో ముచ్చట. ఆ కాళ్లు అలా ఏటవాలుగా నిలబడటానికి చేసినవి కావు.

కరెంటు దగ్గర మెసేజ్ నిజంగా ప్రాణాలు తీసేలా ఉంది. స్విచ్ ఆపితే చాలట. పాత ఇళ్లలో స్విచ్‌ని ఫేజ్‌కి (కరెంటు వచ్చే తీగకి) బదులు న్యూట్రల్‌లో (తిరిగి వెళ్లే తీగలో) పెట్టిన వైరింగ్ ఎన్నిసార్లు చూశానో. స్విచ్ ఆపితే ఫ్యాను ఆగుతుంది, ఫ్యాను దగ్గర కరెంటు మాత్రం అలాగే ఉంటుంది. సరే, మెయిన్ ఆపుదామంటారా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మీరు మెయిన్ దించిన మరుక్షణం అది అందుకుంటుంది! హాల్లో ఫ్యాను, లైటు సాధారణంగా ఇన్వర్టర్ మీదే కదా ఉండేది. మెయిన్ దించాలి, ఇన్వర్టర్ ఆపి దాని లైను కూడా విడదీయాలి, ఆ తర్వాత టెస్టర్ పెట్టి చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందే కరెంటున్న ప్లగ్గులో చూసుకోవాలి. నిచ్చెన మీద షాక్ చిన్నదైనా చాలు, ఉలిక్కిపడి చెయ్యి వదిలేస్తాం.

రబ్బరు చెప్పుల సంగతి. తడిసి, అరిగి, అడుగున మేకు దిగిన చెప్పుని నమ్ముకుని అల్యూమినియం నిచ్చెన ఎక్కడమేమిటి? చెయ్యి ఇనుప గ్రిల్‌కో తడి గోడకో తగిలితే చెప్పుతో పనే లేదు, కరెంటు అటునుంచి అటే పోతుంది. ఇక బయట, మన గల్లీల్లో బాల్కనీ పక్కనుంచే పోయే 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల తీగలకి ఏ చెప్పూ అడ్డు కాదు. ఆ తీగలకీ భవనానికీ మధ్య పక్కకి కనీసం 1.2 మీటర్లు ఉండాలని నిబంధన. ఎన్ని చోట్ల ఉందో మీరే తలెత్తి చూడండి. ఇరవై అడుగుల అల్యూమినియం నిచ్చెనని డాబా మీద నిలబెట్టి మోసుకెళ్లేవాడికి ఆ దూరం దాటడం ఎంతసేపు? అడ్డంగా పడుకోబెట్టి, ఇద్దరు మోయాలి. వెదురుదైతే కరెంటు పారదు అనుకోవద్దు, తడిస్తే అదీ పారనిస్తుంది. ఎలక్ట్రీషియన్లు ఫైబర్ నిచ్చెన వాడేది అందుకే. దాన్నీ పొడిగా, శుభ్రంగా ఉంచుకుంటేనే.

స్టూలు, కుర్చీ గురించి ఎక్కువ రాయను. ప్లాస్టిక్ కుర్చీ మీద అంచున నిలబడితే టైల్స్ మీద దాని కాళ్లు ఎలా విచ్చుకుంటాయో ఓసారి ఖాళీ కుర్చీని చేత్తో నొక్కి చూడండి. ఆఫీసుల్లో పండగ తోరణాలు కట్టడానికి చక్రాల కుర్చీ ఎక్కే పిల్లలకి ఏం చెప్పాలో మాత్రం నాకు తోచదు.

పెయింట్ మాట వినడానికి బాగుంటుంది కానీ సరిగ్గా తిరగేసి చెప్పారు. చెక్క నిచ్చెనకి రంగు వేయకూడదు. చీలిక, పుచ్చు, మెట్టు దగ్గర వదులైన మేకు, అన్నీ రంగు కింద దాక్కుంటాయి. మన్నాలంటే వార్నిషో అవిసె నూనెనో పూయండి, కింద చెక్క కనిపిస్తుంది. ఎవరైనా పాత నిచ్చెనకి కొత్తగా ఆకుపచ్చ రంగేసి అమ్ముతుంటే కొనకండి, అంతే.

చివరిది, పడినవాళ్లని లేపి కూర్చోబెట్టడం. నేను పడ్డప్పుడు మా ఆవిడ కూడా చంకల కింద చేతులేసి లేపబోయింది, ప్రేమతోనే. మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే ఆ లేపడంతోనే కాళ్లు చేతులు చచ్చుబడిపోవచ్చు. మెడ నొప్పంటున్నా, కాళ్లు తిమ్మిరంటున్నా, స్పృహ తప్పినా కదపకుండా, తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడుతోందా చూస్తుండాలి. నీళ్లు వద్దు. స్పృహ సరిగ్గా లేనివాళ్లకి పొరపోతుంది, పైగా ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి. తలకి దెబ్బ తగిలిన పెద్దవాళ్లు లేచి టీ తాగి ‘నాకేం కాలేదురా’ అన్నా నమ్మకండి. గుండె జబ్బుకి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకైతే లోపల నెమ్మదిగా రక్తం కారి, గంటలకో రోజులకో బయటపడుతుంది. అదే రోజు డాక్టర్‌కి చూపించి, ఏ మాత్రలు వాడుతున్నారో ఆ చీటీ చేతిలో పెట్టండి.