పిల్లల సాక్ష్యం చెల్లదని ఎవరన్నారు?

పన్నెండేళ్లలోపు పిల్లల సాక్ష్యం చెల్లదని వ్యాసంలో రాశారు, అది తప్పండి. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ, దాని స్థానంలో 2024 జులైలో అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ సాక్షికి ఇంత వయసుండాలని ఎక్కడా లేదు. అడిగింది అర్థమై సరిగ్గా జవాబు చెప్పగలిగితే చాలు. ఆ వయసు పిల్లలకి ప్రమాణమంటే తెలియకపోతే అది లేకుండానే చెప్పొచ్చు, అంతే. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, హైకోర్టు నిందితుణ్ని నిర్దోషిగా వదిలేసిన కేసులో ఏడేళ్ల పాప మాట నమ్మి, ఆమె తల్లిని చంపిన తండ్రికి శిక్ష ఖాయం చేసింది.

అసలు బాధ వేరే ఉంది. మాది బొబ్బిలి దగ్గర పల్లె. వీధి గొడవ కేసులో ఎనిమిదేళ్ల మా మేనకోడలు సాక్షి. తొలి బస్సుకి తీసుకెళ్తే మూడింటిదాకా కోర్టు వరండాలో, కొట్టినాయన ఎదురుగానే కూర్చున్నాం. గుంట నా చీర కొంగు ముడేస్తూ, విప్పుతూ ఉంది. లోపల లాయరు 'తూర్పు వైపా, పడమరా?' అని గద్దిస్తే నోరు పెగల్లేదు. కోవెల వైపా, చెరువు వైపా అని అడిగుంటే టక్కున చెప్పేది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో లాయర్ల ప్రశ్నలు జడ్జి గారే పిల్లల్ని అడగాలి, నిందితుడు వాళ్ల కంటపడకూడదు. మిగతా కేసుల్లో పిల్లలు పిల్లలు కారా? చిన్న ఊళ్ల కోర్టుల్లో కూడా ఇదే పద్ధతి పెట్టండి.