పదో తరగతి దాకా రానివాళ్లూ పూర్వ విద్యార్థులే

దసరా, సంక్రాంతి సెలవుల్లో, మళ్లీ మే నెలలో జిల్లా ఎడిషన్లలో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. బడి ఆవరణలో వేపచెట్టు కింద నలభై ఐదేళ్లు దాటిన మనుషులు మూడు వరుసల్లో నిలబడి ఉంటారు. ముందు కుర్చీల్లో రిటైరైన సార్లు, భుజాల మీద శాలువాలు, ఒళ్లో మెమెంటోలు. వెనక ఫ్లెక్సీ మీద ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ అని పెద్ద అక్షరాలు. కింద నాలుగు లైన్ల వార్త.

నాకు ఆ ఫొటోలంటే ఇష్టం. జుట్టు నెరిసిన మనిషి లెక్కల సారు ముందు చేతులు కట్టుకుని నిలబడితే చూసేవాళ్లకూ గొంతు పట్టేస్తుంది. కానీ ఆ ఫొటోలో లేనివాళ్ల సంగతి మాట్లాడాలి. పూర్వ విద్యార్థి అనే మాటకు మనం పెట్టుకున్న కొలత పదో తరగతి. పబ్లిక్ పరీక్ష రాసిన ఏడాదిని బట్టే బ్యాచ్. ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానేసినవాళ్లది ఏ బ్యాచ్?

పాలమూరు జిల్లాలో మేం చదివిన జిల్లా పరిషత్ హైస్కూలు సమ్మేళనానికి పేర్ల జాబితా రాసే పని నా మీద పడింది. వాట్సాప్ గ్రూపులో తలా ఒక పేరు గుర్తుచేస్తూ పోతే 37 దగ్గర ఆగింది. హెడ్మాస్టరును అడిగి అడ్మిషన్ రిజిస్టర్ తీయించాను. అంచులు చెదలు కొట్టిన పొడవాటి పుస్తకం. ఒక్కో పిల్లకు ఒక్కో వరుస: పేరు, తండ్రి పేరు, ఆయన చేసే పని, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. పుట్టిన తేదీలు చాలావరకు జూన్ నెలవే. బడిలో వేసిన రోజు సార్లు లెక్కగట్టి రాసినవి. పుట్టుమచ్చల గడిలో ‘మెడ వెనక ఒకటి’, ‘కుడి మోచేతి మీద ఒకటి’. ఆ ఏడాది ఆరో తరగతిలో చేరినవాళ్లు 62 మంది! చివరి గడిలో చాలామందికి ఎర్రసిరాతో ఒకే మాట రాసి ఉంది: లాంగ్ ఆబ్సెంట్.

వాళ్లలో ఒకతను లారీ మీద క్లీనరుగా పోయాడు. ఇద్దరు అన్నదమ్ములు అమ్మానాన్నల వెంట మట్టిపనికి వలస పోయారు. ఆడపిల్లలు కొందరు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయి మళ్లీ బడి ముఖం చూడలేదు. క్రాసింగ్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను. హైబ్రిడ్ విత్తనం తయారు కావాలంటే సాయంత్రం మొగ్గల్లోంచి కేసరాలు గిల్లేసి, మర్నాడు పొద్దున ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. వానాకాలం పంట కాబట్టి ఆ పని సరిగ్గా బడి నడిచే నెలల్లోనే పడుతుంది. కూలి తక్కువని చిన్నపిల్లలను పెట్టుకునేవారు. ఇలాంటి పిల్లలను బడికి తిరిగి తెచ్చేందుకు ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున పనిచేసిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు సంగతి అందరికీ తెలుసు. చేలో మిగిలిపోయిన మా తరగతి పిల్లల సంగతి మేమే మరిచిపోయాం.

చదువు పూర్తిచేసిన ఆడపిల్లలూ మనకు దొరకరు. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఫేస్‌బుక్‌లో పాత పేరుతో వెతికితే ఎవరూ కనిపించరు. మగవాళ్లను వాళ్ల పేరుతో వెతుకుతాం, ఆడవాళ్లను వాళ్ల అన్నదమ్ముల ఫోన్ నంబర్లు పట్టుకుని వెతుకుతాం. అందుకే ఆ గ్రూపు ఫొటోల్లో చీరలు తక్కువ. వాళ్లకు రావాలని లేక కాదు, చాలామందికి కబురే చేరదు.

పేరున్న బడుల్లో జ్ఞాపకం ఇంకో రకంగా నడుస్తుంది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అనగానే ప్రపంచ స్థాయి సంస్థలను నడిపిన సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా అని వరుసగా చెప్పేస్తాం. గర్వపడాల్సిన పేర్లే. అయితే ఆ బడి 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలైన జాగీర్దార్ కాలేజీ అన్నది కూడా పక్కనే చెప్పుకోవాలి. మనిషి ఎక్కడ బయల్దేరాడో చెప్పకుండా ఎక్కడికి చేరాడో మాత్రమే చెబితే, ఇల్లు ఇచ్చినదంతా బడి ఖాతాలో పడిపోతుంది. అవతల, ఇంట్లో ఏమీ లేని పిల్లకు బడి ఇచ్చినది లెక్కకే రాదు.

సర్వేల్ గురుకులం సంగతి చూడండి. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరులో నల్లగొండ పల్లెలో మొదలైంది. వెంటనే ఆంధ్రకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లె పిల్లలకు పరీక్ష పెట్టి తీసుకుని, తిండీ చదువూ ఉచితంగా ఇచ్చిన బడులివి. సర్వేల్ గురించి ఎవరు రాసినా ఐఏఎస్‌లు ఎందరు, ఐపీఎస్‌లు ఎందరు అనే రాస్తారు. తెలంగాణ డీజీపీగా చేసిన మహేందర్ రెడ్డి అక్కడ చదివినవారే. ఆ లెక్క తప్పని అనను. కానీ అదే డార్మిటరీలో పక్కనే పడుకుని, తర్వాత పల్లెలో టీచరై నాలుగు ఊళ్ల పిల్లలను పై చదువుకు పంపిన మనిషి ఏ లెక్కలో ఉన్నాడు? గురుకులం ఎందుకు పెట్టారో ఆయన జీవితమే సూటిగా చెప్తుంది.

మాలావత్ పూర్ణ విషయంలో మాత్రం మనం సరిగ్గా చేశాం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె పేరు చెప్పిన ప్రతివాళ్లూ నిజామాబాద్ జిల్లాలోని పాకాల ఊరినీ, కూలిపని చేసే తల్లిదండ్రులనూ, చదువుకున్న సాంఘిక సంక్షేమ గురుకులాన్నీ కలిపే చెప్తారు. అంటే రిజిస్టరులో మొదటి గడి నుంచి మొదలుపెట్టి శిఖరం దాకా చెప్తున్నాం.

వెనక్కి వెళ్తే విజయనగరం మహారాజా వారి బడిలో గురజాడ, గిడుగు ఒకే తరగతి. ఒకరు విజయనగరంలోనే ఉండిపోయారు. ఇంకొకరు పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి సవర భాష నేర్చుకున్నారు. తర్వాత వాడుక భాష కోసం ఇద్దరూ ఒకే పక్షాన నిలిచారు. 1915లో గురజాడ పోయినా, గిడుగు 1940 దాకా ఆ పని మోశారు. ఈ రెండు జీవితాలను విడివిడిగా చదివినప్పటికంటే, ఒకే బడి పిల్లలుగా కలిపి చదివితే ఎక్కువ అర్థమవుతుంది. అదే తరగతిలో కూచున్న మిగతావాళ్ల గురించి కూడా ఎవరైనా నాలుగు ముక్కలు రాసిపెట్టి ఉంటే ఆనాటి విజయనగరం మనకు ఇంకెంత తెలిసేదో!

తెలంగాణలో 2022లో మొదలుపెట్టిన సర్కారు బడులను బాగుచేసే ‘మన ఊరు - మన బడి’ పథకంలో పది లక్షలిచ్చిన దాత చెప్పిన పేరు తరగతి గదికి, కోటి ఇస్తే బడికే పెడతామన్నారు. బడులకు డబ్బు కావాలి, ఇచ్చేవాళ్లకు దండం పెట్టాలి. కానీ గోడ మీదికెక్కే పేరుకు డబ్బే ప్రమాణమైతే, రిజిస్టరులోని మిగతా పేర్లకు చోటెక్కడ?

మేం ఒక నోటు పుస్తకం పెట్టాం. ఆ 62 మందికీ మనిషికొక పేజీ. చనిపోయినవాళ్లకు వాళ్ల పిల్లలు చెప్పినది రాస్తున్నాం. హోదాలు రాయొద్దనుకున్నాం, చేసిన పని రాస్తాం: ఏ బోరు ఎన్ని అడుగులు వేయించారు, ఏ ఊళ్లో ఎన్నేళ్లు మేస్త్రీ పని చేశారు, ఎవరిని చదివించారు. పూర్తయ్యాక ఒక కాపీ బడి లైబ్రరీలో ఉంటుంది. ప్రతి ఊరి బ్యాచ్ ఈ పని చేయొచ్చు. శాలువాల ఖర్చులో పదో వంతు కూడా కాదు.

క్రాసింగ్‌కు పోయిన ఒకామె నంబరు మొన్న దొరికింది. రాయచూరు దగ్గర ఉంటోంది. ఫోన్లో బడి పేరు చెప్పగానే కాసేపు మాట లేదు. తర్వాత “నా పేరు ఇంకా అండ్ల ఉన్నదా అన్నా?” అని అడిగింది. ఉందన్నాను. పుట్టిన తేదీ ఏం రాశారో చెప్పమంది. ఆధార్‌లో జనవరి 1 అని పడిందట. తేదీ చెప్పి, వరుస మొత్తం చదివాను. కుడి మోచేతి మీద పుట్టుమచ్చ అనగానే నవ్వింది.

“అది అట్లనే ఉన్నదన్నా” అంది.