సవరణ: వీడియో వెతకడానికి ఒక్క ఫ్రేమ్ చాలదు

వీడియో డేటాబేస్‌ల మీద రాసిన పోస్టులో 'షాట్‌కి ఒక కీఫ్రేమ్ ఇండెక్స్ చేస్తే ఏ సీన్ అయినా దొరుకుతుంది' అని ఉంది (షాట్ అంటే కెమెరా ఆపకుండా తీసిన వీడియో భాగం, కీఫ్రేమ్ అంటే దానికి ప్రతినిధిగా తీసుకునే ఒక్క ఫ్రేమ్), దాన్ని ఇలా మార్చి చదవండి: వస్తువులు, రంగులు వెతకడానికైతే చాలావరకు చాలు, కదలికకి చాలదు. తలుపు సగం తెరిచి ఉన్న ఫ్రేమ్ ఒక్కటే చూస్తే ఎవరో తెరుస్తున్నారో మూస్తున్నారో మనకే తెలియదు, ఇక ఇండెక్స్‌కి ఎలా తెలుస్తుంది? సెకనుకి 25 చొప్పున గంటకి 90,000 ఫ్రేమ్‌లు, అన్నీ ఇండెక్స్ చేయమని కాదు. షాట్‌ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలోని వరస ఫ్రేమ్‌ల నుంచి తీసిన వెక్టర్‌ని (ఆ ముక్కలో ఏముందో చెప్పే అంకెల వరసని) మొదలు, ముగింపు టైమ్‌కోడ్‌లతో కలిపి దాచాలి.

ఇంకోటి, వీడియోని షాట్‌లుగా విడగొట్టేటప్పుడు పక్కపక్క ఫ్రేమ్‌ల హిస్టోగ్రామ్ (ఫ్రేమ్‌లో ఏ రంగు ఎంత ఉందో చెప్పే లెక్క) తేడా, ఒక షాట్ నుంచి ఇంకోదానికి టక్కున మారే కట్‌లనే బాగా పట్టుకుంటుంది. ఒక షాట్ మెల్లగా ఇంకోదానిలో కలిసిపోయే డిసాల్వ్‌లకి కాస్త దూరంగా ఉన్న ఫ్రేమ్‌లని పోల్చాలి.