రోజుకు వంద క్రంచులు గారికి, హనుమకొండ నుంచి

గౌరవనీయులైన రోజుకు వంద క్రంచులు గారికి,

ఒక సర్కారు బడి పీఈటీ మేడం నమస్కరించి రాయునది. మీరు మా ఇంట్ల దిగి చానా రోజులైంది, దిగేటప్పుడు ఇంటిదాన్ని నన్ను ఒక్క మాట అడిగింది లేదు, మా సారు రాత్రి ఫోన్ చూసుకుంట పండుకున్నప్పుడు ఏదో రీల్‌ల నుంచి సక్కగ ఆయన మెదడుల దూరిన్రు. ఆ రీల్‌ల చొక్కా లేని ఇరవై ఏండ్ల పిలగాడు, కింద ఎర్ర అక్షరాలతోని రోజుకు వంద కొట్టు, నెలల పొట్ట మాయం అని. మా సారుకు నలభై దాటినయ్, ఎరువుల దుకాణం, పొద్దంతా కుర్చీలనే. ఇగ ఈ మీరు, గారు అనుడు నాతోని అయితలేదు, నువ్వు అనే అంట. ఇంట్లనే తిష్ట వేసినోళ్లకు మర్యాదలు ఎన్నొద్దులని చేస్తం.

నీ ప్రోగ్రాం పొద్దుగాల కండ్లు తెరవంగనే షురూ అయితది. ముఖం కూడ కడగడు, చాప మీద ఎల్లకిల పండుకొని దివాన్ కాట్ కింద పాదాలు ఇరికిస్తడు, రెండు చేతులు మెడ ఎనుక పెట్టి తలకాయను గుంజుకుంట లేస్తడు, ఒకటీ రెండూ మూడూ అని గల్లీ మొత్తం ఇనేటట్టు లెక్కపెడ్తడు. ముప్పై దాకా అంకెలు లైన్ల నడుస్తయ్, ఆ తర్వాత యాభై మూడు పక్కపొంటి యాభై తొమ్మిది వస్తది, డెబ్బై దాటినంకనైతే మా సారు ఎక్కాల పుస్తకమే వేరు. మా అత్తమ్మ చాయ్ గిలాస పట్టుకొని చూసి చూసి ఒకనాడు అడిగింది, "గీ పండుడు లేసుడు ఏంది కొడుకా, పండుకుంటే పండుకో, లేస్తే లేవు" అని. నీ మీద ఇంత సూటి విమర్శ నేనైతే ఎక్కడ చదువలే.

ముందుగాల నీ టైమింగ్ సంగతి. రాత్రంతా పండుకుంటే ఎన్నుపూసల నడుమ డిస్కులు నీళ్లు పీల్చుకొని ఉబ్బుతయ్, అందుకే మనిషి పొద్దుగాల లేసినప్పుడు రాత్రి కంటే ఒక సెంటీమీటరో ఇంకొంచెమో ఎత్తుంటడు. గట్ల ఉబ్బి ఉన్నప్పుడు నడుము ముందుకు వంచితే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ, ఒక గంట అటు ఇటు తిరిగితే కొంత సర్దుకుంటది. నువ్వు సరిగ్గ ఆ గంటనే పట్టుకున్నవ్. పైగ పాదాలు ఇరికించినంక పొట్ట చేసే పని తగ్గిపోతది, తొడల్ని పైకి లేపే కండరాలు, నడుము ఎన్నుపూసలకు అతుక్కొని ఉండే సోయాస్ లాంటియి, అందుకుంటయ్, అవి గుంజేది మళ్ల ఆ నడుమునే. మెడ గురించి చెప్పనే అక్కర లేదు, ఇంట్ల బామ్ సీసా వచ్చి పోపు డబ్బా పక్కన పర్మనెంట్ సీటు తీసుకుంది.

జర ఆగు, అపార్థం చేసుకోకు. క్రంచ్ అనే కసరత్తు మీద నాకేం పగ లేదు. నడుము నొప్పి లేనోళ్లు నిమ్మలంగ, ఛాతీ మీద ఒక బరువు పట్టుకొని, పొట్ట బిగుసుకున్నది తెలిసేటట్టు చేస్తే అది మంచి కసరత్తే. నా పంచాయితి "రోజుకు" "వంద" అనే నీ ఇంటిపేరుతోని.

రోజుకు ఎందుకు? జిమ్ముల గోడ మీద టైంటేబుల్ అతికిస్తరు, ఛాతీకి సోమవారం, వీపుకు మంగళవారం, కాళ్లకు గురువారం (ఆ కాళ్ల రోజు ఎవ్వరు రారు, అది వేరే కథ), పొట్టకు మాత్రం ఆదివారం కూడ డ్యూటీ. ఎందుకంటే చెప్పేటోడు లేడు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అయితే పెద్ద కండరాల గుంపు ఏదైనా సరే వారానికి రెండు మూడు రోజులు, నడుమ 48 గంటల గ్యాప్ అని చెప్తది, పొట్టకు ప్రత్యేకంగ జీవో ఏం తియ్యలే. పొట్ట కండరం కూడ కండరమే కద, గట్టిగ పని చేయించినంక దానికి తిండి, నిద్ర, ఒక రోజు సెలవు కావాలె. రోజూ చేసినా ఏం కాదు అనేటోళ్లు ఉంటరు, నిజమే, ఏం కాదు. రోజూ చేయగలిగేంత తేలికగ చేస్తున్నవ్ గనకనే ఏం కాదు.

ఇగ వంద. మనోళ్లకు కొన్ని సంఖ్యల మీద భక్తి ఎక్కువ, గుడికాడ 108 ప్రదక్షిణలు, పెండ్లిల 116 కట్నం, నువ్వు ఆ లైన్ల దూరి బతుకుతున్నవ్. కండరానికి లెక్కలు రావు, దానికి తెలిసింది బిగువు ఒక్కటే. వంద కొట్టగలుగుతున్నవంటే ఆ కసరత్తు నీకు అల్కగ అయిపోయిందనే అర్థం, ఇగ అక్కడి నుంచి నూట యాభైకి పోవుడు కాదు, కష్టం పెంచాలె. ఎనిమిది నుంచి పదిహేను లోపల, చివరి రెండు వస్తయో రావో అన్నంత కష్టంగ ఉండాలె. అవి సులువుగ వచ్చినప్పుడు బరువన్న పెంచాలె, లేకుంటే ఇంకా కష్టమైన రకానికన్న పోవాలె. బైసెప్స్‌కు ఐదు కిలోల డంబెల్ చాలకపోతే ఏడున్నర తీసుకునే మనిషి, పొట్ట కాడికి వచ్చేసరికి ఈ తెలివి ఎక్కడ పెట్టి వస్తడో నాకు సమజ్ కాదు.

నీ చుట్టం సిటప్, అదే పండుకొని పూర్తిగ లేసి కూసునేది, దాని సంగతన్న చూసి నేర్చుకో. అమెరికా ఆర్మీల 1980 నుంచి రెండు నిమిషాల సిటప్ పరీక్ష ఉండె, 2022ల కొత్త ఫిట్‌నెస్ పరీక్ష అమలుకు వచ్చినప్పుడు ప్లాంక్ (మోచేతులు, కాలి వేళ్ల మీద ఒళ్లంత పలక తీరు ఆపి పట్టుడు) పెట్టుకున్నరు, నేవీ అంతకంటే ముందే 2021ల సిటప్ అసొంటి కర్లప్‌ను పక్కన పెట్టి ప్లాంక్‌కు మారింది. గంత దూరం ఎందుకు, మన దగ్గర పోలీస్ ఈవెంట్ల కోసం పొద్దుగాల స్టేడియంల ఉరికే పిలగాండ్లను చూడు, 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్, అందుల నీ పేరు మీద ఒక్క మార్కు లేదు. నీకు ఇంకా ఇజ్జత్ ఇచ్చేది మా బడే. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల పార్షియల్ కర్లప్, అంటే సగం దాకనే లేసుడు, ఉంటది, 30 సెకండ్లు, విజిల్ ఊదేది నేనే. అది పిల్లల పొట్ట బలం ఎంతున్నదో కొలిచేటందుకు. టేపు పెట్టి కొలిచినంత మాత్రాన నడుము సన్నబడ్తదా?

మా సారు ప్యాంట్ సైజు అడుగు, ముప్పై నాలుగు అంటడు, ఇరవై ఏండ్ల సంది అదే చెప్తుండు. అబద్ధం కూడ కాదు, పొట్ట పెరిగినకొద్ది ప్యాంట్ కిందికి దిగుకుంట పోయింది, ముప్పై నాలుగు మాత్రం మారలే. నడుము కొలవాల్సింది ప్యాంట్ నిలిచిన కాడ కాదు, కింది పక్కటెముకకు, తుంటి బొక్క పై అంచుకు సరిగ్గ మధ్యల. మన దేశపోళ్లల్ల మొగోళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 80 దాటితే షుగరు, గుండె గురించి ఆలోచన చెయ్యాలె. అసలు పరేషానీ చేసే కొవ్వు కండరం ముందటిది కాదు, కండరం ఎనుక, పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకున్నది. ముందట తోలు కిందున్న కొవ్వును చేతితోని పట్టుకోవచ్చు, ఎనుకది దొరకనే దొరకది, నువ్వేమో ఆ రెంటి నడుమ ఉన్న కండరాన్ని పట్టుకొని ఊపుతున్నవ్, కొవ్వు అటు లేదు ఇటు లేదు అన్నట్టు.

నేను అంటే నమ్మవు గనక చెప్తున్న, అమెరికాల 2011ల ఒక అధ్యయనం అచ్చయింది, చిన్నదే, 24 మంది. అందుల ఒక గుంపుతోని ఏడు రకాల పొట్ట కసరత్తులు వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు చేయించిన్రు. వాళ్లు ఎక్కువ కర్లప్‌లు చేయగలిగిన్రు. పొట్ట మీద కొవ్వు, నడుము కొలత మాత్రం ఎక్కడియి అక్కడనే. ఒళ్లు కొవ్వును కరిగించేటప్పుడు ఎక్కడ కదులుతున్నవ్ అని చూడది, తన ఇష్టమున్న కాడ తీస్తది, మొగోళ్లకైతే చానామందికి పొట్ట కాడ చిట్టచివరికి.

వంద క్రంచులకు పాతిక కేలరీలు ఖర్చు అయితయ్ అనుకుందాం, నీ మీద దయ తలిచి. ఒక కిలో కొవ్వుల దగ్గర దగ్గర 7,700 కేలరీలు ఉంటయ్. భాగించు. 308 రోజులు, అది కూడ ఒక్క ముద్ద ఎక్కువ తినకుంట ఉంటే. మా సారు రాత్రి దుకాణం మూసుకొని వస్తా వస్తా చౌరస్తాల మిర్చి బజ్జీ తింటడు, ఇంట్ల అత్తమ్మ సర్వపిండి చేస్తే అదీ తింటడు, ఏందయ్యా ఇది అంటే పొద్దుగాల వంద కొట్టిన కద అంటడు. నీ అసలు నేరం ఇదీ. నువ్వు కొవ్వు కరిగించకపోతే పోయినవ్, బజ్జీకి లైసెన్స్ రాసిచ్చినవ్. నువ్వు రాకముందు ఆయన ఒక ప్లేట్ తిని కొంచెం భయపడేటోడు, ఇప్పుడు రెండు తిని ధైర్యంగ ఉంటుండు. భద్రకాళి బండ్ మీద సాయంత్రం గంట నడుస్తుండె మనిషి, పొద్దుగాల కసరత్తు అయిందని అది కూడ బంద్ పెట్టిండు.

ఇంతకు ఈ తిప్పలు ఎందుకంటే పదో తరగతి బ్యాచ్ గెట్ టుగెదర్ ఉన్నది. ఇరవై ఐదేండ్లయిందట. వాట్సప్ గ్రూప్‌ల రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ఏ సైజు అని లొల్లి, అందరికి ఒకటే రంగు టీషర్ట్. సైజ్ అడిగితే మా సారు "ఎల్" అని పెట్టిండు, నేను ఆయన స్నానానికి పోయినప్పుడు దాని ముందట ఒక ఎక్స్ చేర్చిన. సిక్స్ ప్యాక్ ముచ్చట కూడ అక్కడిదే, ఆ బ్యాచ్‌ల ఒకాయనకు ఉన్నదట. ఉండనీ. పొట్ట మధ్యల కుడి ఎడమ జతగ నిలువు కండరం ఒక్కటే ఉంటది, దాని మీద అడ్డంగ ఉన్న నరాల్లాంటి పట్టీలను బట్టి ఎవరికి నాలుగు, ఎవరికి ఆరు, ఎవరికి ఎనిమిది అనేది తల్లి కడుపులనే డిసైడ్ అయితది, క్రంచులతోని కొత్త గడి పుట్టది. అప్పర్ ఆబ్స్‌కు (పై పొట్టకు) వేరే, లోయర్ ఆబ్స్‌కు (కింది పొట్టకు) వేరే అని అమ్మేటోళ్లు కూడ ఆ ఒక్క కండరాన్నే రెండు సార్లు అమ్ముతున్నరు. కింది భాగానికి కొంచెం ఎక్కువ పని చెప్పొచ్చు, అంతవరకు సరే.

నీ జాగల ఎవర్ని పెట్టుకుంటున్ననో చెప్తే నీకు కొంచెం కోపం రావచ్చు. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్ర, సాయంత్రం, ఒక్కోసారి పావుగంట. కెనడాల వాటర్లూ యూనివర్సిటీల ప్రొఫెసర్‌గ ఉండిన స్టూవర్ట్ మెక్‌గిల్ నడుము మీద ఏండ్ల తరబడి పని చేసిండు, ఆయన చెప్పే మూడింటితోని షురూ. ఒకటి ఆయన తీరు కర్లప్, ఒక మోకాలు మడిచి, నడుము కింద చేతులు పెట్టుకొని, తల భుజాలు కొంచెమే లేపుడు. రెండోది సైడ్ ప్లాంక్, పక్కకు తిరిగి ఒక మోచెయ్యి మీద ఒళ్లు ఆపుడు. మూడోది బర్డ్ డాగ్, నాలుగు కాళ్ల మీద ఉండి ఎడమ చెయ్యి, కుడి కాలు చాపుడు. ఒక్కోటి పది సెకండ్లు పట్టి వదులుడు, మళ్ల పట్టుడు. పొట్ట పని ఎంతసేపూ వంగుడే అని నువ్వు అందరికి నేర్పినవ్ గని, నడుము కదలకుంట ఆపి పట్టుడు దాని పెద్ద ఉద్యోగం. ప్లాంక్ వేసి ఫోన్ల సీరియల్ చూసుకుంట నాలుగు నిమిషాలు ఉండేటోళ్లకు కూడ ఇదే మాట, అది నీ చెల్లెలే, అంకె మాత్రం సెకండ్లల్ల ఉంటది. కొంచెం గట్టిపడ్డంక రాడ్‌కు వేలాడి మోకాళ్లు లేపుడు, చక్రం పట్టుకొని ముందుకు సాగుడు, మూడు సెట్లు, చివరి రెండు కష్టంగ. నడక మళ్ల బండ్ మీదికి, వారానికి 150 నిమిషాలకు తక్కువ గాకుంట. కంచంల అన్నం ఎంత, కూర ఎంత అనేది నేను చూసుకుంట, అందుల నీకు జోక్యం లేదు.

ఇంకొకటి ఉన్నది. మాది రెండో అంతస్తు. ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఇరవై లీటర్లది, ఇరవై కిలోలు, ఒక పిలగాడు ఒక్క చేతితోని పట్టుకొని మెట్లెక్కి తెచ్చి పెడ్తడు. ఒక పక్క బరువు గుంజుతుంటే మనిషి ఇటు వంగకుంట నిటారుగ నడిచిండంటే పక్క కండరాలు, లోపలి పట్టీ కండరం, అన్నీ పని చేస్తున్నట్టే, జిమ్ముల దీనికి సూట్‌కేస్ క్యారీ అని పేరు పెట్టి చేయిస్తరు. ఆ పిలగాడు చెమట తుడుచుకుంట క్యాన్ దించుతుంటే మా సారు చాప మీద అరవై ఎనిమిది, డెబ్బై నాలుగు అనుకుంట ఉంటడు, పక్కకు జరగమంటే కూడ లెక్క తప్పుతది అంటడు. ఈ సోమవారం నుంచి క్యాన్ గేటు కాడనే దించమని చెప్పిన. మొదటి రెండు వారాలు మా సారు సగం నీళ్లు వంపి తెస్తడు, మెట్ల మలుపు కాడ చెయ్యి మార్చుకుంటడు, వీపు వంచితే కింది నుంచి విజిల్ నేను ఊదుతా. పైకి మొయ్యకుంటే క్యానుకు ఐదు రూపాయలు తగ్గిస్త అన్నడు పిలగాడు. ఆ ఐదు రూపాయలు ట్రైనింగ్ ఫీజు కింద నాకు జమ.

ఇట్లు,
మీ ఓనర్ గారి ఇంటిది,
పీఈటీ, హనుమకొండ