కోడికి బెంగ ఉండొచ్చు, ప్లేయర్‌కి ఉండకూడదు

ఈమధ్య అమలాపురం చుట్టుపక్కల ఏ టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నా ఆటగాళ్ళ గురించి ఒకటే మాట. "కోట్లు వస్తుంటే డిప్రెషనేంటండీ బాబూ?" అన్నాయన గ్లాసు కింద పెట్టేస్తాడు. తీర్పు అయిపోయింది, ఇక అప్పీలు లేదు.

ఈ తీర్పు కింద ఇప్పటికి చాలామందికి శిక్ష పడింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్న జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌ది పిరికితనం. గాల్లో తిరుగుతుంటే తానెక్కడుందో ఆ అమ్మాయికే తెలియకుండా పోయింది, అలా దిగితే మెడ విరగొచ్చు. అయినా సరే, పిరికితనమే. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ వదిలేసి వెళ్ళిపోయిన టెన్నిస్ ప్లేయర్ నవోమి ఒసాకాది పొగరు. ఒలింపిక్స్‌లో 23 స్వర్ణాలు గెలిచి కూడా బతకాలనిపించలేదన్న ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌ది తిన్నది అరక్క. 2008లో బీజింగ్‌లో దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చాక లోపలంతా ఖాళీ అయిపోయిందన్న అభినవ్ బింద్రా కేసు ఇంకా నడుస్తోంది. ఇంట్లోనే షూటింగ్ రేంజ్ ఉన్నవాడికి ఖాళీ ఏమిటన్నది బెంచీ సందేహం.

సరే, పెద్దలు. కానీ ఈ పెద్దల్నే సంక్రాంతి ముందు చూడాలి.

డిసెంబరు వచ్చేసరికి కోనసీమలో వైద్యశాస్త్రం మొత్తం మారిపోతుంది. బరిలో దిగాల్సిన డేగ పుంజుకి బాదం, జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, మటన్ కైమా. పొద్దున్నే చెరువులో ఈత, ఆ తర్వాత కాపడం. ఆ ఇంట్లో ఇల్లాలు మిక్సీ వేయాలన్నా పర్మిషన్ అడగాలి. "చప్పుడుకి బెదిరిందంటే అంతేనండి, దానికీ మనసుంటుంది కదా" అని నాకు బోధించింది ఎవరనుకున్నారు? డిప్రెషనేంటండీ అన్న మహానుభావుడే. పండగ ముందు ఆయన డేగ మేత ముట్టడం మానేసింది. బెంచీ బెంచీ అంతా లేచి వాళ్ళ దొడ్లోకి నడిచింది. ఒకాయన రెప్ప ఎత్తి చూశాడు. ఇంకొకాయన కోడి పంచాంగం తిరగేసి, ఈ పూట దీనికి నిద్రావస్థ అన్నాడు. మూడో ఆయన గొంతు తగ్గించి, మొన్న దాని జోడీ పెట్టని అమ్మేశారు కదా, ఆ బెంగేమో అన్నాడు. బెంగ! అందరూ తలలు దించుకున్నారు. యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ స్థితిలో దింపితే పాపమండి" అని తీర్మానం చేసి, ఇచ్చిన అడ్వాన్సు కూడా వదిలేసుకున్నారు. ఇంతా చేసి కోర్టు కూడదన్న ఆట కోసం, చివరికి కాలికి కత్తి కట్టే పక్షి కోసం. పిరికి కోడి అని ఒక్కరూ అనలేదు. లక్షల పందెం కోడికి బెంగేంటని ఒక్కరూ అడగలేదు.

మన సాత్విక్‌ది అమలాపురమే. 2022లో బ్యాడ్మింటన్ థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2023లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అప్పుడు బెంచీ మీద అందరూ అతనికి చుట్టాలే. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ ఓడిన సాయంత్రానికే చుట్టరికం తెగిపోయింది, కుర్రాడికి తలకెక్కిందన్నారు. 2025 ఫిబ్రవరిలో తండ్రి పోయారు. నెల తిరక్కుండానే ఆల్ ఇంగ్లండ్‌లో ఆడాడు. మా బెంచీకి మాత్రం స్మాష్‌లో పస తగ్గడమే కనిపించింది.

వినేశ్ ఫోగట్ సంగతికొస్తే నాకు వెటకారం కూడా రాదు. 2024 ఆగస్టులో అదే పారిస్‌లో ఒక్కరోజులో ముగ్గుర్ని ఓడించి ఫైనల్ చేరింది. ఆ రాత్రంతా ఆవిరి గదిలో కూర్చుంది, పరిగెత్తింది, జుట్టు కత్తిరించుకుంది. తెల్లారి తూకంలో 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తేలింది, ఫైనల్ ఆడనివ్వలేదు. మర్నాడు కుస్తీకే దణ్ణం పెట్టేసింది. "ఆ మాత్రం వంద గ్రాములు తగ్గలేకపోయిందా?" అన్నాడు, పొట్ట మీద టీ గ్లాసు నిలబెట్టగల పెద్దమనిషి. సిగ్గుండాలి. ఏకాదశికి ఒక్కపూట పస్తుండి, మధ్యాహ్నానికల్లా ఇంటిల్లిపాదినీ తిట్టి పోసే మనిషివి నువ్వు. ఆమె గురించి మాట్లాడటానికి నీకు నోరెలా వచ్చింది?

పైగా ఈ మాటలు పిల్లలు వింటున్నారు. మొన్న ఒక షటిల్ టోర్నమెంటులో, మ్యాచ్‌కి పిలిచే వేళకి ఒక పిల్ల బాత్రూంలో వాంతులు చేసుకుంటోంది. తండ్రి బయట తలుపు బాదుతున్నాడు. "టెన్షనూ లేదు ఏమీ లేదు, నిమ్మసోడా పట్టించండి" అన్నాడు కోచ్. ఆ తండ్రిని నేనెరుగుదును. డేగ రెప్ప ఎత్తి చూసింది ఆయనే. ఇవాళ్టికి పిల్లని ఆడించకండి అన్నాను.

"ఎంట్రీ ఫీజు వెనక్కివ్వరు కదండీ" అన్నాడు.