నీళ్లు పోయనిదే లీటరు అర్థం కాదు

ప్రాథమిక తరగతుల్లో కొలతల పాఠం మొదలైతే పొడవుకు స్కేలు, బరువుకు తక్కెడ ఎలాగోలా తరగతి గదిలోకి వస్తాయి. ద్రవాల వంతు వచ్చేసరికి మాత్రం బోర్డు మీద ‘1 లీటరు = 1000 మిల్లీలీటర్లు’ అని రాసి, నాలుగు మార్పిడి లెక్కలు చేయించి, పాఠం అయిందనిపిస్తారు. నీళ్లు ఒలుకుతాయి, పుస్తకాలు తడుస్తాయి, క్లాసంతా గోలగా మారుతుందన్న టెన్షన్ టీచర్లకు ఉంటుంది. అది ఉత్త సాకు కాదని మాకు తెలుసు. కానీ దాని ఫలితం ఏమిటో కూడా చూడాలి. 3 లీటర్ల 500 మిల్లీలీటర్లను తడుముకోకుండా 3500 చేసేసే పిల్లలే, ఎదురుగా ఉన్న గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయని అడిగితే 20 అనో 2000 అనో నోటికొచ్చింది చెబుతారు. సున్నాలు చేర్చడం వచ్చింది, కొలవడం రాలేదు.

ద్రవం పిల్లల కంటికి ఎలా కనిపిస్తుందో ముందు పెద్దలు గ్రహించాలి. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే (1896-1980) ప్రయోగం గురించి ఉపాధ్యాయ శిక్షణలో చాలామంది చదివే ఉంటారు. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, రెండూ సమానమేనని పిల్లలు ఒప్పుకున్నాక, ఒక గ్లాసు నీళ్లను వారి ఎదుటే సన్నగా పొడుగ్గా ఉన్న మరో గ్లాసులోకి వంపుతారు. ఏడేళ్ల లోపు పిల్లల్లో చాలామంది పొడుగు గ్లాసులోనే నీళ్లు ఎక్కువున్నాయంటారు. ఒకే ప్రశ్న రెండోసారి అడిగేసరికి మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు మాట మారుస్తారని, పియాజే వారిని తక్కువ అంచనా వేశారని తర్వాతి పరిశోధకులు వాదించారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. అయినా టీచరుకు పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. ఆ వయసులో నీటిమట్టం ఎత్తు కళ్లకు కట్టేస్తుంది, పాత్ర వెడల్పు లెక్కలోకి రాదు. ‘కాదమ్మా, రెండూ సమానమే’ అని పదిసార్లు చెప్పినా ఆ నమ్మకం పోదు. అవే నీళ్లను తిరిగి మొదటి గ్లాసులోకి పోసుకోనివ్వాలి. పళ్లెంలా పరుచుకున్న పాత్రలోకి, మెడ సన్నని సీసాలోకి, మళ్లీ గ్లాసులోకి ఎవరి చేతులతో వారు వంపుకుంటూ ఉంటే, పోసిన నీళ్లు ఎక్కడికీ పోలేదన్న సంగతి వారికే తడుతుంది.

ఆ తర్వాత కూడా లీటరు దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. ఒకేలాంటి రెండు బకెట్లను రెండు జట్లకు ఇచ్చి, ఒక జట్టు చేతికి పెద్ద మగ్గు, ఇంకో జట్టు చేతికి చిన్న మగ్గు పెట్టండి. ఒకరికి ఎనిమిది మగ్గులు పడతాయి, మరొకరికి పన్నెండు. ‘మా బకెట్ పెద్దది’ అని పన్నెండు వచ్చిన జట్టు గొడవకు దిగుతుంది. ఆ గొడవను టీచరు తొందరపడి తీర్చకపోవడమే మంచిది. మగ్గు పెద్దదైతే లెక్క తగ్గుతుందని వారిలో ఎవరో ఒకరు కనిపెడతారు. అందరికీ ఒకటే కొలత ఉండాలని వారంతట వారే అడుగుతారు. లీటరును పరిచయం చేయాల్సింది అప్పుడు.

లీటరు ఎంతో కూడా చూపించవచ్చు. ఫ్రాన్స్‌లో 1795లో పుట్టిన కొలత ఇది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది సెంటీమీటర్లున్న పెట్టెలో పట్టేంత ద్రవం ఒక లీటరు. నీళ్లు కారని అలాంటి పెట్టె ఒక్కటి బడిలో ఉంటే చాలు. ఒక సెంటీమీటరు ఘనాలు అందులో వెయ్యి పడతాయి, ఒక్కో ఘనం చోటు ఒక మిల్లీలీటరు. బోర్డు మీది ‘1000’ ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు కళ్లముందుంటుంది. అందులోని నీళ్లను తూస్తే దాదాపు ఒక కిలో ఉంటుంది. 1901లో శాస్త్రవేత్తలు ఒక కిలో నీరు ఆక్రమించే చోటునే లీటరుగా నిర్వచించారు. అది పది సెంటీమీటర్ల ఘనం కన్నా రవ్వంత ఎక్కువ కావడంతో 1964లో మళ్లీ ఘనానికే వచ్చారు. ఇంకో చిన్న మాట. లీటరుకు గుర్తుగా ఇంగ్లిష్ చిన్న ‘ఎల్’ రాస్తే అది ఒకటి అంకెలా కనిపించి, 5 లీటర్లు కాస్తా 51 అవుతుంది. ఈ తికమక వల్లే 1979లో పెద్ద అక్షరాన్నీ అంతర్జాతీయంగా అంగీకరించారు. పిల్లలకు పెద్ద అక్షరమే నేర్పితే సరి.

పాఠంలో అసలు చిక్కు గీతల దగ్గర వస్తుంది. కొలజాడీ మీద 100కి, 200కి మధ్య అంకెలు లేని నాలుగు గీతలు ఉంటాయనుకుందాం. నీళ్లు మూడో గీత దగ్గర ఆగాయి. పిల్లలు 103 అని రాస్తారు, ఎందుకంటే గీతకు ఒకటి చొప్పున లెక్కపెట్టారు. కొందరు గీతలు నాలుగు కాబట్టి వందను నాలుగుతో భాగించి 175 అంటారు. లెక్కపెట్టాల్సింది గీతల మధ్య ఖాళీలను. ఖాళీలు ఐదు, ఒక్కోటి 20, జవాబు 160. దీన్ని బోర్డు మీద వివరించడం కన్నా ఖాళీ జాడీలో ఇరవై మిల్లీలీటర్ల చొప్పున పోయించి, ప్రతిసారీ ఒక గీత ఎక్కడం చూపించడం తేలిక. జాడీని చేత్తో ఎత్తి పట్టుకుని చూడటం ఇంకో అలవాటు. అలా చేస్తే నీటిమట్టం ఊగుతుంది, ఓరగా చూస్తే అంకె మారుతుంది. జాడీని బల్ల మీద పెట్టి, పిల్లలే కిందికి వంగి కంటిని మట్టానికి సమానంగా తెచ్చుకోవాలి. సన్నని జాడీలో నీళ్లు గోడల వెంబడి కాస్త పైకి పాకి మధ్యలో వంగి ఉంటాయి. ఆ వంపు అడుగు భాగాన్నే చదవాలి.

వీటన్నిటి కంటే మేలైన పని, పిల్లల చేత కొలసీసా తయారు చేయించడం. నున్నటి ఖాళీ సీసాకు నిలువుగా ఒక కాగితం పట్టీ అంటించి, వంద మిల్లీలీటర్లు పోసినప్పుడల్లా మట్టం దగ్గర ఒక గీత గీయమనాలి. సీసా వెడల్పు ఒకేలా ఉన్నంత మేరా గీతలు సమాన దూరంలో వస్తాయి. మెడ దగ్గర సన్నబడగానే దూరం దూరంగా జరుగుతాయి. అలా ఎందుకని పిల్లలు అడగకుండా ఉండరు. మొదట ఎత్తు చూసి మోసపోయినవారే, సీసా సన్నబడినచోట వంద మిల్లీలీటర్లకు ఎక్కువ ఎత్తు కావాలని వివరిస్తారు. లీటరు సీసాలో మూడు వందలే ఉంటే సీసాలో పట్టేది వేరు, సీసాలో ఉన్నది వేరన్న తేడా కూడా ఇక్కడే తేలిపోతుంది.

ఇంత శ్రమ దేనికన్నవారు మందు సీసా వైపు ఒకసారి చూడాలి. పసిపిల్లలకు తాగించే మందు మిల్లీలీటర్లలో ఉంటుంది. ఐదుకూ, సున్నా పాయింట్ ఐదుకూ మధ్య తేడా పది రెట్లు. చెంచాలు అన్నీ ఒకేలా ఉండవు కనుక, పిల్లల మందుల మోతాదును చెంచాల్లో కాకుండా మిల్లీలీటర్లలోనే రాయాలని, కొలవాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2015లో సిఫారసు చేసింది. రేపు తల్లిదండ్రులయ్యేవారు సూది లేని సిరంజి మీద గీతను సరిగ్గా చదవడం నేర్చుకోవాల్సింది ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులోనే.

ఖర్చు పెద్దగా లేదు. రకరకాల ఖాళీ సీసాలు, ఒక గరాటు, గీతలున్న జాడీలు రెండు మూడు, ఒలికినా పట్టుకునే వెడల్పు పళ్లెం, తుడవడానికి గుడ్డ. నీటికి కొరత ఉంటే రోజంతా అవే నీళ్లు వాడి చివరికి మొక్కలకు పోయవచ్చు. నీటికి బదులు ఇసుక వాడదామంటే మాత్రం కుదరదు, ఇసుక కుప్పగా నిలుస్తుంది తప్ప సమంగా పరుచుకోదు. కావాల్సింది సమయం. ముప్పావు గంట పీరియడ్‌లో పోయడం, కొలవడం, రాయడం, తుడవడం అన్నీ అవవు. రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి. నీళ్లు ఒలికితే తనిఖీకి వచ్చిన అధికారి టీచరును తప్పుపట్టకూడదు.

పరీక్ష కూడా మారాలి. మార్పిడి లెక్కలకే మార్కులిస్తే ఏ టీచరైనా మార్పిడి లెక్కలే చేయిస్తారు. గీతలు లేని ఒక సీసా ఇచ్చి, ఎంత పడుతుందో ముందు అంచనా రాయమని, తర్వాత కొలిచి అసలు జవాబు పక్కన రాయమని అడగాలి. ద్రవాల కొలతకు కేటాయించే మార్కుల్లో కనీసం సగం ఈ పనికే దక్కేలా ప్రశ్నపత్రాలు తయారు చేసేవారు చూడాలని కోరుతున్నాం.