పన్నెండు పెన్నీల జరిమానా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పన్నెండు పెన్నీల జరిమానా గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఆనవాయితీ. తమరి విషయంలో అది కుదరదు. తమరు కుశలంగా ఉన్నన్నాళ్లూ అవతలివాళ్లు జైల్లో ఉన్నారు. వాళ్లు కుదుటపడే నాటికి తమరు లేరు. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

తమరు 1559లో ఇంగ్లండు పార్లమెంటులో పుట్టారు. ఎలిజబెత్ రాణి గద్దెనెక్కి ఇంకా ఏడాది కాలేదు. ఆదివారాలు, పండగ పూటలు ప్రతి మనిషీ తన ఊరి చర్చికి వెళ్లాలి, ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం ప్రకారం జరిగే ఆరాధనలో కడదాకా కూర్చోవాలి అని చట్టం. సరైన కారణం లేకుండా రాకపోతే ఒక్కో గైర్హాజరుకి పన్నెండు పెన్నీలు, అంటే ఒక షిల్లింగు. వసూలు చేసే పూచీ ఊరి చర్చి పెద్దలది. వచ్చిన సొమ్ము ఆ ఊరి పేదలకి. ఎంత ముచ్చటైన ఏర్పాటండీ! రానివాడు వారం వారం ఇచ్చుకుంటూ పోతే, కొన్నాళ్లకి తనే పేదల జాబితాలో చేరి తన షిల్లింగు తనే పుచ్చుకోవచ్చు.

తమరు అడిగిన చర్చి కొత్తగా కట్టింది కాదు. తాతల నాటిదే. తమరు పుట్టేసరికి ఆ ఊళ్లో యాభై ఏళ్ల మనిషి ఎవరైనా ఉంటే, ఆయన చిన్నప్పుడు అందులో లాటిన్‌లో పూజ జరిగేది. మన ఆర్.సి.ఎం. వాళ్లు, అంటే రోమన్ క్యాథలిక్కులు, పూజ అంటారే, అదే. 1534లో ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకుని చర్చికి తనే పెద్దనన్నాడు. 1549లో ఆయన కొడుకు హయాంలో ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం వచ్చింది. 1553లో మేరీ రాణి వచ్చి మళ్లీ లాటిన్ పూజ పెట్టించింది, ఒప్పుకోని ప్రొటెస్టంట్లను దాదాపు మూడొందల మందిని సజీవంగా తగలబెట్టించింది. 1559లో మళ్లీ ఇంగ్లీషు పుస్తకం. అదే గుమ్మం, అదే గంట. మధ్యలో మనసు మార్చుకోవడం ఆలస్యమైన వాళ్ల దగ్గరికి తమరు చేయి చాపుకుంటూ వచ్చారు. మేరీ చితులతో పోలిస్తే తమరు ఎంతో సౌమ్యులని తమరి తరఫువాళ్లు అనేవాళ్లు. ఒప్పుకుంటాను. మొదట్లో సౌమ్యులే.

మనుషుల గుండెలకి కిటికీలు పెట్టి లోపలికి తొంగిచూడటం రాణిగారికి ఇష్టం లేదని ఫ్రాన్సిస్ బేకన్ రాశాడు. నిజమే కావచ్చు. కిటికీ అక్కర్లేదు కదండీ, చర్చి తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో రాయిస్తే సరిపోయె. లోపల ఏమనుకుంటున్నావో మాకు అనవసరం, ఒళ్లు మాత్రం తెచ్చి బల్ల మీద పెట్టు అన్నారు. చాలామంది సరేనన్నారు కూడా. ఇంటాయన చర్చికి పోయి ఏ మూలనో కూర్చుని, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి మాత్రం పోకుండా వచ్చేసేవాడు. ఇంటావిడ ఇంట్లో జపమాల తిప్పేది. ఆస్తి మొగుడి పేరున ఉంటుంది, మొగుడు హాజరులో ఉంటాడు, పెళ్లాం పేరున జప్తు చేయడానికి ఏమీ ఉండదు. కర్ర విరగకుండా పాము చావకుండా సంసారాలు అలా నడిచాయి. తమరి ముఖాన ఇంత తెలివిగా తలుపు వేసినవాళ్లు ఇంకెవరూ లేరనుకుంటాను.

తమరికి కోపం రావడానికి కారణం లేకపోలేదు. 1570లో ఐదో పయస్ పోపు రాణిని వెలివేసి, ఆమెకు విధేయంగా ఉండొద్దని ప్రజలకు ఆజ్ఞ పంపాడు. ఆజ్ఞ రోములో ఉన్నాయనది, ఫలితం అనుభవించింది ఇంగ్లండులో ఉన్నవాళ్లు. ఆదివారం ఇంట్లో కూర్చున్న ముసలమ్మ కూడా ఆ దెబ్బతో విదేశీ కుట్రదారు అయిపోయింది. 1588లో స్పెయిన్ నౌకలు నిజంగానే వచ్చాయి కాబట్టి ఆ భయమంతా ఉత్తదే అని అనను. కాని ఆ భయానికి నెలకింత అని ధర కట్టిన తమరి లెక్కల గుమాస్తా ఎవరో ఆయన్ను మెచ్చుకోకుండా ఉండలేను.

ఎందుకంటే 1581లో తమరు ఒక్కసారిగా పెద్దమనిషి అయ్యారు. పదహారేళ్లు దాటినవాళ్లు చర్చికి రాకపోతే నెలకి ఇరవై పౌండ్లు. అప్పట్లో స్ట్రాట్‌ఫర్డ్ అనే ఊరి బడి పంతులుకి ఏడాది మొత్తానికి జీతం ఇరవై పౌండ్లు. అంటే నాలుగు ఆదివారాలు పడుకుంటే ఒక పంతులుగారి ఏడాది సంపాదన గల్లంతు. అదీ మామూలు నెల కాదు. ఇరవై ఎనిమిది రోజులకో నెల చొప్పున లెక్కవేస్తే ఏడాదికి పదమూడు నెలలు, 260 పౌండ్లు. క్యాలెండరులో పన్నెండే ఉంటే తమరు పదమూడు చేశారు! వసూలైన దాంట్లో మూడో వంతు రాణికి, మూడో వంతు ఊరి పేదలకి, మిగతా మూడో వంతు కేసు వేసినవాడికి. పొరుగువాడి గైర్హాజరు మీద ఇంత కమిషన్ ఇస్తే, తన ఆత్మ సంగతి మరిచిపోయి పక్కింటి ఆత్మను కనిపెట్టుకుని కూర్చోనివాడు ఎవడుంటాడు?

కట్టలేనివాడి సంగతీ చట్టం మర్చిపోలేదు. తీర్పు వచ్చిన మూడు నెలల్లో సొమ్ము రాకపోతే జైలు. కట్టేదాకా, లేదా చర్చికి వస్తానని ఒప్పుకునేదాకా. ఆ కాలపు ఇంగ్లీషు జైళ్లు ఊరికే వచ్చేవి కాదు. లోపలికి పోతే రుసుము, మంచానికి అద్దె, తిండికి ఖర్చు, సంకెళ్లు కాస్త తేలిక చేయించుకోవాలంటే మళ్లీ రుసుము. లండన్‌లో ఫ్లీట్ జైలు అధికారి పదవి వారసత్వంగా వచ్చే ఆస్తి. ఖైదీ అంటే ఆయనకి అద్దెకుండేవాడు. తమరికి డబ్బు కట్టలేక జైలుకి వచ్చినవాడు జైలుకి డబ్బు కట్టాలి. అదీ చేతకాకపోతే గడ్డి మీద పడుకోవచ్చు, జైలు జ్వరం ఉచితం.

ఇంకో చిక్కు ఉంది. చర్చికి రానందుకు మనిషిని లోపలేశారు, బాగుంది. లోపలున్నవాడు చర్చికి ఎలా వస్తాడు? ఈ ప్రశ్నకి యార్క్‌లో జవాబు కనిపెట్టారు. 1599, 1600 సంవత్సరాల్లో ఉత్తరాది మండలికి అధ్యక్షుడైన బర్లీ ప్రభువు, యార్క్ కోటలో ఉన్న క్యాథలిక్ ఖైదీలకి అక్కడే ప్రసంగాలు పెట్టించాడు. నడిచి రానివాళ్లని ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టారు. పాపం, ప్రసంగీకులు లేఖనాలు తిప్పుతూ ఉంటే శ్రోతలు కేకలు వేసి అడ్డుపడ్డారు. ప్రపంచంలో తలుపులకి తాళం వేసి మరీ నిండుగా కూర్చోబెట్టిన సభ ఇదే అయి ఉంటుంది. ఒక్క గైర్హాజరు కూడా లేదు. చర్చి పెద్దలు పట్టీ రాసుకుని ఉంటే ఇంగ్లండు మొత్తంలో అంత మంచి హాజరు మరెక్కడా కనిపించేది కాదు.

ఆ యార్క్ కోటలోనే అంతకుముందు మార్గరెట్ క్లిథెరో ఉండేది. ఊళ్లో షాంబుల్స్ అని మాంసం కొట్ల వీధి. ఆమె భర్త జాన్ అక్కడ మాంసం వ్యాపారి, ప్రొటెస్టంటు. ఆమె మతం మారి క్యాథలిక్ అయింది. ఆమె చర్చికి రానందుకు తమరు జాన్ దగ్గర వసూలు చేశారు. చర్చికి సక్రమంగా వెళ్లే మనిషి, వెళ్లని పెళ్లాం కోసం కట్టాడు. 1577 నుంచి ఆమెను పలుమార్లు జైల్లో పెట్టారు. చదువు రాని ఆ మనిషి జైల్లోనే చదవడం నేర్చుకుంది. తమరి పుణ్యాన జరిగిన మంచిపని వెతికితే నాకు ఇదొక్కటే దొరికింది, అందుకని తమరి ఖాతాలో వేస్తున్నాను.

1585లో తమరికి ఒక చెల్లెలు పుట్టింది, గుర్తుందా? విదేశంలో గురుపట్టం పుచ్చుకుని వచ్చిన క్యాథలిక్ గురువు, అంటే పూజ చేయించే ఫాదరు, ఇంగ్లండులో కనబడితే రాజద్రోహం, ఆయనకి అన్నం పెట్టినవాళ్లకీ మరణశిక్ష అన్న చట్టం. మార్గరెట్ తన ఇంట్లో గురువులను దాచింది. విచారణకి పిలిస్తే, నేరం చేశాననీ అనలేదు, చేయలేదనీ అనలేదు. విచారణ నడిస్తే సాక్ష్యం చెప్పాల్సింది ఆమె పిల్లలు, పనివాళ్లు. నోరు విప్పనివాళ్లకి అప్పటి చట్టంలో ఒకటే శిక్ష. 1586 మార్చి 25, శుక్రవారం. ఆమెను నేల మీద పడుకోబెట్టి, పైన ఒక తలుపు పరిచి, దాని మీద బరువులు వేశారు. ఈ పేరాలో తమరిని ఎగతాళి చేద్దామని కూర్చున్నాను గాని చేయి రావడం లేదు.

సరే, మళ్లీ లెక్కల్లోకి వెళదాం. అక్కడైతే తమరూ నేనూ ఇద్దరం హాయిగా ఉంటాం.

1587లో కొత్త సవరణ. ఇరవై పౌండ్లు కట్టకపోతే సామానంతా, భూమిలో మూడింట రెండొంతులు సర్కారుకి. 1593లో ఇంకొకటి. క్యాథలిక్కులు ఇంటికి ఐదు మైళ్లు దాటి పోకూడదు. ఆస్తి అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు లొంగకపోతే దేశం వదిలిపోవాలి. ఉన్నవాడిని ఇంటి దగ్గరే కట్టిపడేసి, లేనివాడిని సముద్రం దాటించడం అన్నమాట. విశ్వాసం ఇద్దరిదీ ఒకటే, పొలాలు ఒకటి కాదు. ఖజానా వాళ్లు క్యాథలిక్కులకని ప్రత్యేకంగా చిట్టాలు తెరిచింది కూడా అప్పుడే.

నార్తాంప్టన్‌షైర్‌లో సర్ థామస్ ట్రెషమ్ అని ఉన్నవాళ్లలో ఒకడు. 1581లో మొదలై ఆయన బతుకులో పదిహేనేళ్ల దాకా జైల్లోనో గృహనిర్బంధంలోనో గడిచాయి. తమరికి దాదాపు 8,000 పౌండ్లు చెల్లించాడు. బయటికొచ్చాక తమరితో వాదన పెట్టుకోకుండా ఒక కట్టడం కట్టాడు. మూడు గోడలు, మూడు అంతస్తులు, గోడకి ముప్ఫై మూడు అడుగులు, కిటికీలు కూడా మూడేసి చొప్పున. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వం మీద తన నమ్మకాన్ని రాయిలో చెప్పుకున్నాడు. రష్టన్‌లో ఇప్పటికీ ఉంది. ఆయన నోటిమాట మీద తమరు పన్ను వేయగలిగారు గాని, త్రిభుజం మీద ఏ సెక్షన్ పెట్టాలో తమరికి తోచలేదు.

తమరి నిష్పక్షపాతం కూడా చెప్పుకోదగ్గదే. విలియం బర్డ్ రాణిగారి ఆస్థాన సంగీతకారుడు. తమరు రమ్మన్న ఆరాధనలకి పాటలు కట్టింది ఆయనే, ఊరి చర్చికి రాలేదని తమరి జాబితాకి ఎక్కిందీ ఆయనే. ఆయన సంగీతం వినడానికి రానివాడికి జరిమానా, రాసిన మనిషి కూడా రానివాళ్లలో ఒకడు. 1592లో స్ట్రాట్‌ఫర్డ్ జాబితా ఇంకా బాగుంటుంది. చర్చికి రానివాళ్లలో తొమ్మిది మంది పేర్ల దగ్గర, అప్పులవాళ్లు పట్టిస్తారన్న భయంతో రావడం లేదని రాసుంది. అందులో ఒకాయన జాన్ షేక్‌స్పియర్, నాటకాల విలియం తండ్రి. అప్పుల భయంతో చర్చికి రానివాడిని జరిమానాతో భయపెట్టడం తమరికే చెల్లింది.

రాణి పోయాక జేమ్స్ రాజు వచ్చాడు. 1605లో పార్లమెంటు కింద కొందరు క్యాథలిక్కులు దాచిన తుపాకి మందు దొరికాక, 1606లో తమరి కోరికలు మరీ పెరిగాయి. ఒళ్లు తెచ్చి కూర్చోబెడితే చాలదు, ఏడాదికోసారి ప్రభువు బల్లలో పాలుపంచుకోవాలి. లేకపోతే మొదటి ఏడు ఇరవై పౌండ్లు, రెండో ఏడు నలభై, ఆపైన అరవై. మూలన కూర్చునే ఇంటాయన యుక్తి అక్కడితో సరి. 1610లో ఇంటావిడ వంతు వచ్చింది. ఆమె జైల్లో ఉండాలి, లేదా మొగుడు నెలకి పది పౌండ్లో, భూమిలో మూడో వంతో ఇవ్వాలి.

అదే జేమ్స్ రాజు ఫలానా క్యాథలిక్ మీద వచ్చే సొమ్ము నువ్వు తీసుకో అని తన ఆస్థానంవాళ్లకి బహుమతులుగా పంచిపెట్టాడు. ఆయన కొడుకు చార్లెస్ ఇంకా మర్యాదస్తుడు. బేరం కుదుర్చుకుని ఏడాదికింత కౌలు కట్టండి, మీ దారిన మీరుండండి అన్నాడు. ఇప్పుడు చెప్పండి, ఆ మనిషి మర్నాటి నుంచి బుద్ధిగా చర్చికి వచ్చేస్తే ఏడ్చేదెవరు? పాడి గేదెని ఎవరూ కబేళాకి తోలరు. ఇంగ్లండులో క్యాథలిక్కులు క్యాథలిక్కులుగా మిగలాలని రోములో పోపు కోరుకున్నంత గట్టిగా లండన్ ఖజానా కూడా కోరుకుంది. తమరు పుట్టింది ఖాళీ బల్లలు నింపడానికి. చివరికి ఆ బల్లలు ఖాళీగా ఉంటేనే తమరి కడుపు నిండింది.

1650లో, రాజు తల తీసేశాక, పార్లమెంటు కాస్త మెత్తబడింది. ఊరి చర్చికే రానక్కర్లేదు, ప్రార్థన జరిగే ఏదో ఒక చోటికి పోతే చాలంది. రాజులు తిరిగి రాగానే తమరూ తిరిగొచ్చారు. 1791లో రాజుకి విధేయులమని ప్రమాణం చేసిన క్యాథలిక్కులని తమరు వదిలిపెట్టారు. రెండు వందల ముప్ఫై రెండేళ్ల సర్వీసు. పెన్షన్ ఏమైనా ఇచ్చారా?

అడగదలచింది ఒకటుంది. తమరి చిట్టాలు లండన్‌లో క్యూ అనే పేట దగ్గరున్న జాతీయ దస్త్రాల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. వసూలు కాని బాకీలని ఏటేటా కింది పేజీకి దించుకుంటూ పోయారట తమరి గుమాస్తాలు. ఆ బాకీలు ఇంకా నిలిచి ఉన్నట్టా, కొట్టేసినట్టా? కొట్టేసి ఉంటే యార్క్‌లో జాన్ క్లిథెరో కట్టిన షిల్లింగుల సంగతేమిటి? ఆయన ఏనాడూ గైర్హాజరు కాలేదు. వాపసు ఎవరిని అడగాలో, ఏ కౌంటరో, ఏ ఫారమో తెలియజేయగలరు. వడ్డీ నెలకి ఇరవై ఎనిమిది రోజుల లెక్కన కట్టాలని మనవి.

ఇట్లు,
పదహారేళ్లు ఎప్పుడో నిండిన, పోయిన ఆదివారం ఇంట్లోనే ఉన్న ఒక పాఠకుడు